గోటికి తగిలిన గట్టు

మేస్త్రీ మొదట గోటితో చూసేవాడు. ఇంజను హెడ్డు విప్పి పక్కన గోనెపట్టా మీద పెట్టాక, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, పాతగుడ్డకు తుడుచుకుని, చూపుడువేలి గోటిని సిలిండరు పైఅంచు నుంచి మెల్లగా లోపలికి జార్చేవాడు. కొంచెం దిగగానే గోరు ఎక్కడో తట్టుకునేది. అక్కడే వేలు ఆపి మా నాయన వైపు చూసేవాడు.

"గట్టు కట్టింది అన్నా. రింగులతో పోయేది కాదు. బోరింగే."

ఆ ఒక్క మాటతో మా ఇంట్లో ఆరునెలల లెక్కలు తారుమారయ్యేవి.

ఇంజను పని చూడనివాళ్ళకు ఆ గట్టు సంగతి చెప్పాలి. పిస్టన్ రింగులు రాసుకునే మేర సిలిండరు గోడ ఏళ్ళ తరబడి అరుగుతుంది. రింగు చేరని పైఅంచు మాత్రం పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. ఆ రెంటి మధ్య మెట్టులాగా మిగిలేదే గట్టు. పెట్రోలు అంటుకునేదీ, వేడీ ఒత్తిడీ ఎక్కువగా ఉండేదీ, ఆయిలు సరిగ్గా అందనిదీ అక్కడే. అందుకని అరుగుదల ముందుగా పైభాగంలోనే పడుతుంది. దాన్ని కొలిచేది అంగుళంలో వెయ్యోవంతుల్లో. ఆ వెయ్యోవంతును షెడ్డులో 'థౌ' అనేవాళ్ళు. పది థౌ అంటే నోటుపుస్తకం కాగితాలు రెండు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. తర్వాత ప్రొద్దుటూరు లేత్ షాపులో డయల్ గేజీ దించి కొలిస్తే వచ్చే అంకెకూ, మేస్త్రీ గోరు చెప్పిన అంకెకూ తేడా ఒకటో రెండో థౌ ఉండేది. అంతకు మించి ఉండటం నేను చూడలేదు.

మాది 1972 మోడల్ మార్క్ 2 అంబాసడర్. 1979లో నాయన సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కొత్త బండి కావాలంటే ముందుగా డబ్బు కట్టి ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాల్సిన రోజులవి. అందుకే పాతబండిని ఎవరూ పాతబండి అనుకునేవాళ్ళు కాదు. జమ్మలమడుగు బస్టాండు పక్కన వేపచెట్టు కింద నాలుగైదు ట్యాక్సీలు నిలబడేవి. అందులో మాదొకటి. రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో వచ్చి తలుపు తట్టి, "అన్నా, ఆడమనిషికి నొప్పులొస్తాండాయి" అంటే నాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బయటికి పరుగెత్తేవాడు. లండన్ మిషన్ కాలం నాటి క్యాంబెల్ ఆస్పత్రికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఎన్ని కాన్పుల కేసులు మా బండిలో వచ్చాయో లెక్క లేదు. బొంబాయి, మద్రాసు రైలు ఎక్కాలంటే ముద్దనూరుకో ఎర్రగుంట్లకో పోవాలి. శ్రావణ శనివారాల్లో గండి వీరాంజనేయస్వామి దగ్గరికి తెల్లారుజామునే బయల్దేరాలి. పెండ్లిండ్లకు ప్రొద్దుటూరు పోయి చీరలు, బంగారం తేవాలి. ఈ తిరుగుడంతా ఆ నాలుగు సిలిండర్ల మీదే.

మా సీమలో ఇంజన్లు తొందరగా అరిగేవి. దుమ్మే కారణం. నాపరాయి గనుల దుమ్ము, పల్లెదారుల దుమ్ము, ఎండాకాలం సుడిగాలి దుమ్ము. ఎయిర్ క్లీనరు ఎంత శుభ్రంగా ఉంచినా లోపలికి పోయే ఆ కాస్త దుమ్మే ఆయిలుతో కలిసి వాల్వులు నూరే పేస్టులాగా పనిచేస్తుంది. దానికి తోడు ముద్దనూరు ఘాటు. ఏప్రిల్, మే నెలల్లో ఆరుగురిని ఎక్కించుకుని ఘాటెక్కితే రేడియేటరులో నీళ్ళు మరిగేవి. నాయన డిక్కీలో ఎప్పుడూ రెండు క్యాన్ల నీళ్ళు పెట్టుకునేవాడు. పైకెక్కినాక బండి నిలిపి, బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా దూరంగా కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఇంజను వేడి చల్లారకముందే నీళ్ళు పోసిన డ్రైవర్లను ఆయన మనుషుల్లో జమకట్టేవాడు కాదు.

ఒక ఇంజను ఎన్నిసార్లు పుడుతుందో నాకు చిన్నప్పుడే తెలుసు. అంబాసడర్ సిలిండరు పుట్టుసైజు 2.875 అంగుళాలు, అంటే 73.025 మిల్లీమీటర్లు. స్ట్రోకు మూడున్నర అంగుళాలు. నాలుగు సిలిండర్లకు కలిపి 1489 సీసీ. ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బి సిరీస్ అనే పేరుతో చేసిన ఇంజను అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుతో పాటు ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ అదే ఉండేది. దాన్ని తయారుచేసిన వాళ్ళకు అది అరుగుతుందని తెలుసు. తెలిసే గోడను మందంగా పోశారు. మొదటిసారి అరిగితే పది థౌ పెంచి బోరింగ్ చేయించి, పది థౌ పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. ఆ తర్వాత ఇరవై, ముప్పై, నలభై. క్రాంకుకు అదే వరస, కాకపోతే తిరగబడి. అక్కడ షాఫ్టును గ్రైండింగ్ చేసి సన్నం చేసినకొద్దీ బేరింగు మందమవుతుంది. నలభై కూడా అయిపోతే గోడకు లోపలివైపు స్లీవు దిగ్గొట్టి మళ్ళీ పుట్టుసైజుకు తెచ్చుకోవచ్చు. కారు కొన్నవాడు దాన్ని పారేస్తాడనే ఆలోచనే ఆ ఇంజను గీసినవాళ్ళకు లేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా మొహం తెలియని ఆ ఇంజనీర్ల మీద నాకు గౌరవం పుట్టుకొస్తుంది.

మా బండికి 1982లో ఇరవై పడింది. ఆ పని నాకు అంతగా గుర్తులేదు. 1987లో నలభైకి పోయాం. అది మాత్రం నిన్నమొన్న జరిగినట్టుంది.

ఆ ఎండాకాలం బండి వెనక నీలంరంగు పొగ మొదలైంది. పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగుతోందన్నమాట. వారానికి అర లీటరు పోసేది కాస్తా లీటరైంది. తర్వాత అడుగు నుంచి ఒక మోత మొదలైంది. మేస్త్రీ పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను పక్కన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "మూడో నంబరు కనెక్టింగ్ రాడ్డు" అన్నాడు. విప్పితే మూడో నంబరే.

ఎస్టిమేటు వేస్తే మూడున్నర వేలు దాటింది. ఇంట్లో అంత దుడ్డు లేదు. అమ్మ ఏమీ మాట్లాడకుండా మెడలో గొలుసు తీసి నాయన ముందు పెట్టింది. రెండు తులాల గొలుసు. ఆ రోజుల్లో పది గ్రాములు మూడువేలకు అటూ ఇటూ. మా ఊళ్ళో ఇంజను పని ఖర్చును రూపాయల్లో కాకుండా బంగారంలో చెప్పుకునేవాళ్ళు. "వాని బండికి తులమున్నర పట్టింది" అంటే అందరికీ అర్థమయ్యేది.

మరుసటి రోజు నాయన, నేను ప్రొద్దుటూరు పోయాం. రెండో బొంబాయి అని పేరు పడిన ఊరు. బంగారు అంగళ్ళ వీధిలో తలుపు పక్కన చిన్నబల్ల ముందు ఒక కంసాలి కూర్చుని, గొలుసును గీటురాయి మీద గీసి, చిన్న త్రాసులో పెట్టి తూచాడు. తరుగు పోను ఇంత అన్నాడు. తరుగు అనే మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. సాయంత్రం లేత్ షాపులో డయల్ గేజీ ముల్లు కదలడం చూస్తున్నప్పుడు ఆ త్రాసు ముల్లే గుర్తొచ్చింది. ఒకే రోజు, ఒకే ఊళ్ళో, రెండు చోట్ల మా ఇంటి తరుగును తూచారు. గొలుసు కుదువ పెట్టాం, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. గొలుసు అమ్మ మెడలోకి తిరిగి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ఆమె పసుపుతాడుతోనే పెండ్లిండ్లకు పోయింది. ఎవరైనా అడిగితే, "బండి లోపల ఉంది" అనేది.

నలభై థౌ పిస్టన్లు ప్రొద్దుటూరులో దొరకలేదు. స్టాండర్డూ, ఇరవయ్యీ దొరికేవి. నలభై అంత త్వరగా కదలని సరుకు. నాయన పాత పిస్టను ఒకదాన్ని కాగితంలో చుట్టి, సంచిలో పెట్టుకుని, ముద్దనూరులో రాత్రి బండెక్కి మద్రాసు పోయాడు. నన్నూ తీసుకుపోయాడు. పిస్టను నెత్తిన 020 అని అచ్చు కొట్టి ఉంటుంది. ఆ అంకె మీద వేలు పెట్టి, దీనికి రెండు సైజులు పైది కావాలని చూపించడానికే ఆ పిస్టను. సెంట్రల్లో దిగి, మౌంటు రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు నడిచాం. పొడుగునా స్పేర్ పార్టుల అంగళ్ళే. నాలుగో అంగట్లో ఇండియా పిస్టన్స్ వాళ్ళ పెట్టె దొరికింది. 1949లో మొదలైన కంపెనీ అది. ఫ్యాక్టరీ అదే మద్రాసులో సెంబియంలో. నాలుగు పిస్టన్లు, రింగులు, పిన్నులు. నూనెకాగితంలో చుట్టిన పిస్టన్ను చేతిలోకి తీసుకుంటే చల్లగా, బరువుగా, వెండిగిన్నెలాగా ఉండింది. రాత్రి తిరుగు రైల్లో నాయన ఆ పెట్టెను తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

పిస్టన్లు చేతిలో లేకుండా బోరింగ్ మొదలుపెట్టకూడదు. ఇది మేస్త్రీ నియమం, మంచి లేత్ షాపులన్నిటి నియమం. అచ్చు కొట్టిన అంకె ఒకటే అయినా ఒక్కో పిస్టను ఒక వెంట్రుకవాసి అటో ఇటో ఉంటుంది. దేనికి దాన్ని కొలిచి, దాని సిలిండరును దానికి తగ్గట్టు కోయాలి. అందుకే నాలుగు పిస్టన్ల మీద సుద్దతో 1, 2, 3, 4 అని రాసి పెట్టారు. ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులో ఉన్న ఆ షాపులో బోరింగ్ బారు లోపలికి దిగుతుంటే సన్నని ఇనుపపొడి నల్లటి రవ్వలా రాలేది. ఆ పొడిని నేను వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఐదేళ్ళు మమ్మల్ని పోషించిన గోడ అది. చివర హోనింగు రాళ్ళు తిప్పితే గోడ మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పడ్డాయి. అద్దంలా నున్నగా ఉంటే ఆయిలు నిలవదట. ఆ గీతల్లో ఆయిలు దాక్కుంటుంది, రింగులు కుదురుకుంటాయి.

ఆపై ఎనిమిది రోజులు షెడ్డులో. నాకు బడి సెలవులు. పొద్దున సద్ది తిని నాయనతో పోతే చీకటి పడ్డాకే ఇంటికి.

ఇంజను విప్పడం ఎవరైనా చేస్తారు. కట్టడంలోనే మేస్త్రీ కనిపిస్తాడు. బ్లాకును కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి, ఆయిలు పోయే ప్రతి రంధ్రంలో తీగ తోసి చూశాడు. మిగిలిపోయిన ఒక్క ఇనుపరవ్వ చాలు, కొత్త బేరింగు గీసుకుపోవడానికి. మెయిన్ బేరింగులు మూడు. ఒక్కో క్యాపు బిగించి, ప్రతిసారీ క్రాంకును చేత్తో తిప్పి చూసేవాడు. "చేతికి తిరగాల అబ్బీ, ఈడ బలం పెట్టినావంటే ఆడ కాలిపోతాది" అనేవాడు. పిస్టన్ల మీద రింగుల నోళ్ళు ఒకే వరుసలో పడకుండా తిప్పి పెట్టాడు. హెడ్డు బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఒకసారి సగం, మరోసారి పూర్తిగా. చూస్తున్నవాళ్ళకు అది ముగ్గు పెట్టినట్టుండేది. తొందరపడి ఒక మూల ముందు బిగిస్తే హెడ్డు వంగిపోతుంది, ప్యాకింగు కొట్టేస్తుంది, మళ్ళీ మొదటికే.

టాపెట్లు సరిచేసేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాల్వులు ఎనిమిది, ముందు నుంచి 1, 2, 3 అని లెక్క. "తొమ్మిది లెక్క నేర్చుకో అబ్బీ" అన్నాడు. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఒకటోదాన్ని సరిచేయాలి. ఆరోది తెరుచుకుంటే మూడోది. నాలుగోది తెరుచుకుంటే ఐదోది. తెరుచుకున్నదీ, సరిచేసేదీ కూడితే ఎప్పుడూ తొమ్మిదే. హ్యాండిల్ తిప్పుతూ ఆయన ఒక అంకె చెబితే నేను రెండో అంకె చెప్పేవాణ్ణి. "ఏడు." "రెండు." "ఒకటి." "ఎనిమిది." ఆయన నాలుగో తరగతితో బడి మానేసి షెడ్డులో చేరినవాడు. ఆ లెక్క ఆయన ఉస్తాదు కర్నూల్లో నేర్పాడట. దాని వెనక ఇంజను ఫైరింగ్ వరస 1-3-4-2 ఉందని, ఒక సిలిండరు వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని జంట సిలిండరు వాల్వు పూర్తిగా మూసుకుని ఉంటుందని నాకు ఇంజనీరింగ్ చదివేటప్పుడు అర్థమైంది. మా లెక్చరరు బోర్డు మీద ఆ బొమ్మ గీస్తుంటే నా ముక్కుకు కిరసనాయిలు వాసన తగిలింది.

తొమ్మిదో రోజు పొద్దున్న స్టార్ట్ చేశారు. ముందు ప్లగ్గులు విప్పి, హ్యాండిల్‌తో చాలాసేపు తిప్పి, ఆయిలు పైదాకా ఎక్కిందని చూసుకున్నాకే ప్లగ్గులు బిగించారు. కొత్త ఇంజను గట్టిగా ఉంటుంది, ముగ్గురు మారి మారి తిప్పారు. ఒకసారి దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పారు. అంటుకుంది. మొదట తెల్లపొగ, ఆ తర్వాత పలచబడి, చివరికి ఏమీ లేదు. మేస్త్రీ స్క్రూడ్రైవరు తీసుకోలేదు. నిలబడి ఊరికే విన్నాడు. రేడియేటరు మీద ఒక గాజుగ్లాసులో నిండా నీళ్ళు పోసి పెట్టాడు. నీళ్ళు వణికాయి గానీ ఒలకలేదు. నాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "భాయ్" అని మాత్రం అన్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు పోనిచ్చారు.

ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్లు రన్నింగు. వేగం నలభై దాటకూడదు, ఘాటెక్కకూడదు, ఎక్కువమందిని ఎక్కించుకోకూడదు. నెలరోజుల రాబడి సగానికి సగం పడిపోయే కాలం అది. ఎస్టిమేటు కాగితంలో ఎవరూ రాయని ఖర్చు. బస్సులు మమ్మల్ని దాటి పోయేవి, సైకిళ్ళు దాదాపు పక్కనే వచ్చేవి. నాయన మాత్రం కన్నబిడ్డను నడిపించినట్టు నడిపేవాడు.

ఆయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికిన లెక్కల పుస్తకం నా దగ్గర ఉంది. 1987 జూన్ పేజీలో ఆ పని ఖర్చంతా ఆయన చేతిరాతలో ఉంది. పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వులు, టైమింగ్ చైను, ప్యాకింగులు, ఆయిల్ పంపు, చిల్లర సామాన్లు కలిపి 2,480. బోరింగు, క్రాంకు గ్రైండింగు 520. ఇంజనాయిలు 130. మద్రాసు రైలు చార్జీలు, తిండి 170. మేస్త్రీ కూలి 450. మొత్తం 3,750 రూపాయలు.

మేస్త్రీ కూలి 450. ఎనిమిది రోజులు, పొద్దున ఏడు నుంచి చీకటి పడేదాకా. అందులోనే చేతికింద ఇద్దరు పిల్లలకు ఇచ్చుకోవాలి. రూపాయిలో పన్నెండు పైసలు. రెండో రోజు సాయంత్రం మేస్త్రీ ఐదువందలు అడిగితే నాయన నాలుగువందల యాభైకి బేరం చేసిన సంగతి నాకు గుర్తుంది. ఆ యాభైకి నాయన సంతోషపడ్డాడు. అప్పుడు నేనూ సంతోషపడ్డాను. నాయన చెడ్డవాడు కాడు. గొలుసు కుదువ పెట్టి వచ్చినవాడు. అయినా ఈ పేజీ తెరిచినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఇనుముకు అడిగినంత ఇచ్చాం. మద్రాసులో ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. ఇనుముకు ప్రాణం పోసిన చేతి దగ్గర మాత్రం బేరమాడాం. మేమే కాదు, జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో, పులివెందులలో బండి ఉన్న ప్రతివాళ్ళూ అదే చేశారు. పాతబండ్లు అంత కాలం తిరిగాయంటే మేస్త్రీల చేతులు అంత అగ్గువగా దొరకడం వల్లనే. ఇంగ్లండులో ఇదే బి సిరీస్ ఇంజన్లు ఇప్పటికీ కట్టించుకుంటారు. అక్కడ బిల్లులో బరువైన పద్దు గంటల లెక్కన పడే కూలి. మా పుస్తకంలో అది పన్నెండు పైసలు.

పులివెందుల వైపు ట్యాక్సీలు తక్కువ, జీపులు ఎక్కువ. చీనీతోటల దారుల్లో, తొండూరు, సింహాద్రిపురం పల్లెల్లో అంబాసడర్ అడుగు తగిలేది. మహీంద్రా జీపుకు ప్యూజో డిజైను డీజిల్ ఇంజను, 2112 సీసీ. పది మంది ఎక్కాల్సిన చోట ఇరవై మంది ఎక్కేవాళ్ళు. మా మేస్త్రీ నెలకొకసారి పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సులో పులివెందుల పోయి వారం ఉండి వచ్చేవాడు. ఆ జీపుల మోత దూరం నుంచి వినే ఇది ఫలానావాళ్ళ బండి అని చెప్పేవాడు. అంబాసడర్ పేరును 2017లో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు 80 కోట్లకు ప్యూజో కంపెనీకి అమ్మారని పేపర్లో చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆ రెండు పేర్లూ ముందుగా కలిసింది ఆయన చేతుల్లోనే.

1993లో మా బండికి స్లీవులు వేశారు. మళ్ళీ పుట్టుసైజు. మేస్త్రీ చేసిన చివరి పెద్దపని అది. ఆ ఏడాది ఆఖరులో ఆయన కువైట్ వెళ్ళిపోయాడు. మా జిల్లా నుంచి ఎంతోమంది పోయిన దారే. 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చిన వాళ్ళు ప్రొద్దుటూరు వీధుల్లో కనిపించేవాళ్ళు. రెండేళ్ళు తిరక్కముందే వాళ్ళూ మళ్ళీ పోయారు, వాళ్ళతో పాటు కొత్తవాళ్ళూ పోయారు. మేస్త్రీ అక్కడ పెద్ద పెద్ద అమెరికా కార్ల ఇంజన్లు విప్పేవాడట. మొదటి ఉత్తరంలో ఆయన మా నాయనకు రాయించిన మాట ఇది: ఇక్కడ ఒక నెల జీతం అక్కడి ఏడాది సంపాదన కంటే ఎక్కువ. నాయన ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, చాలాసేపు మాట్లాడలేదు. అవే చేతులు, అవే గోళ్ళు. ధర కట్టినవాళ్ళు వేరు.

తర్వాత కథ తొందరగా అయిపోయింది. 1994లో టాటా సుమో వచ్చింది. పెట్రోలు ధరకు తట్టుకోలేక కొందరు అంబాసడర్లో మెటడోర్ డీజిల్ ఇంజన్లు దించుకున్నారు. నాయన ఒప్పుకోలేదు. 1998లో బండిని ఇంటి పక్క రేకులషెడ్డులో నిలిపేశాడు. ఆదివారాలు స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచేవాడు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీ మూతపడిందని వచ్చిన పేపరును మడిచి బండి డ్యాష్‌బోర్డులో పెట్టాడు. ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలొచ్చిన 2016లోనే ఆయన పోయాడు.

నిరుడు నేను ఆ ఇంజను కట్టించాలనుకున్నాను. ప్రొద్దుటూరులో మూడు షెడ్లు తిరిగాను. పిల్లలు తెలివైనవాళ్ళు, కంప్యూటరు తగిలించి క్షణంలో తప్పు చెప్పగలరు. కానీ అంబాసడర్ హెడ్డు బోల్టుల వరస అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన, "అన్నా, వేరే ఇంజను దించేస్తాం, అగ్గువైతాది" అన్నాడు. అది ఆయన తప్పు కాదు. ఆయనకు నేర్పినవాళ్ళు లేరు.

చివరికి మేస్త్రీ ఇల్లు వెతుక్కుని పోయాను. కువైట్ నుంచి తిరిగొచ్చి చాలా ఏళ్ళయింది. చూపు తగ్గింది. మనవడు చెయ్యి పట్టుకుని ఆటోలో తీసుకొచ్చాడు. హెడ్డు అప్పటికే విప్పి పెట్టాం. ఆయన బ్లాకు ముందు పీట వేయించుకుని కూర్చున్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని ఒక్కో సిలిండరులో గోరు జార్చాడు. నాలుగూ చూశాక తలెత్తాడు.

"మన స్లీవులే గదా. పది థౌ చాలు. ఇంగా మూడు సైజులుంటాయి."

మనవడు నా నోటుపుస్తకం తీసుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాడు. పిస్టన్ సెట్టు, బేరింగులు, వాల్వులు, ప్యాకింగులు, లేత్ పని. మద్రాసుకు, విజయవాడ ఆటోనగర్‌కు ఫోన్లు చేసి ధరలు కనుక్కున్నాడు. ఒక్కొక్కటీ కూడితే అరవై వేల దగ్గరికి వచ్చింది. కట్టేది మనవడు, పక్కన కూర్చుని చెప్పేది ఆయన. చివరి వరసలో 'కూలి' అని రాసి, మనవడు తాత వైపు చూశాడు.

"ఆడ నువ్వేం రాయద్దు" అన్నాడు మేస్త్రీ. "అబ్బి రాస్తాడులే."

పుస్తకం నా బల్ల మీదే ఉంది, పక్కన నాయన 1987 పేజీ. పిస్టన్లు వచ్చేశాయి, నెత్తిన 010 అని అచ్చు ఉంది. కూలి ఎదురుగా నేనింకా ఏమీ రాయలేదు.